పేరు పెట్టి పిలవడానికి పట్టిన కాలం

గత నెలలో ఒక ఉదయం బాగేపల్లి బస్టాండులో చింతామణి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నా ముందు సీటులో పదహారేళ్ళ మగపిల్లలు ఇద్దరు, ఒడిలో పుస్తకాల సంచులు, ఇద్దరికీ కలిపి ఒకే ఫోను. కండక్టరు ఒక యువతి. వెనక సీట్లవాళ్ళకు టికెట్లు కొడుతున్న ఆమెను పిలవడానికి ఆ పిల్లల్లో ఒకడు ఈల వేశాడు. ఆమెకు వినబడలేదో, వినబడినా ఊరకుందో తెలియదు. వాడు రెండోసారి నోట్లో వేళ్ళు పెట్టుకోబోతుంటే పక్కవాడు ఆ చెయ్యి పట్టి కిందికి దించాడు.

"ఈల యాలరా? ఆమేమన్నా మీ ఇంటి కుక్కనా? అక్కా అని పిలువు."

"వచ్చినాడప్పా పెద్దమనిషి," అని మొదటివాడు ఎగతాళి చేశాడు గానీ ఈల మళ్ళీ వేయలేదు. ఆమె దగ్గరికి వచ్చినప్పుడు, కొంత గొణుగుడుగానే అయినా, 'అక్కా' అన్నాడు.

ఇది చాలా చిన్న సంగతి. పత్రికల్లో రాయదగినది కాదు. కానీ చక్కగా తయారైన వస్తువు కనబడితే దాన్ని ఎవరు చేశారు, ఏ పనిముట్టుతో చేశారు, ఎన్నాళ్ళు పట్టింది అని ఆలోచించడం నా వృత్తి నాకు అంటించిన జబ్బు. ఆ పిల్లవాడి చెయ్యి అలా కదలడానికి ముందు ఎవరో ఒకరు వాడి ఎదుట చాలాకాలం సరిగా మసలుకుని ఉండాలి. చెప్పినంత మాత్రాన వచ్చే గుణం కాదది. ఆ విషయం నేను ఇరవైనాలుగేళ్ళ వయసులో, నాకంటే చిన్నవాళ్ళ ముందు తలదించుకుని నేర్చుకున్నాను. నా యీడు వాళ్ళలో ఒకప్పుడు కుర్రవాళ్ళకు చదువో, పనో నేర్పినవారు చాలామందే ఉంటారు గనుక, వాళ్ళతో చెప్పుకుంటే అర్థమవుతుందన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

చిక్కబళ్ళాపురంలో మెకానికల్ డిప్లొమా ముగించి, చింతామణిలో ఒక ధర్మసంస్థ నడిపే చిన్న శిక్షణకేంద్రంలో ఫిట్టరు విభాగానికి బోధకుడిగా చేరాను. జనం దాన్ని 'తరబేతి' అనేవారు. రేకుల కప్పు వేసిన పొడవాటి షెడ్డు. పది బల్లలు, బల్లకు రెండు చొప్పున, ఇనుమును బిగించి పట్టే ఇరవై వైసులు. ప్రతి వైసుకూ తెల్లరంగుతో అంకె. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు పంతొమ్మిది మంది మగపిల్లలు, అందరూ చుట్టుపక్కల పల్లెల రైతుబిడ్డలు. వాళ్ళలో నా అక్క కొడుకు ఒకడు. బట్లహళ్ళిలో ఉండే మా అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను చంకన వేసుకుని పెంచింది. తన ఒక్కగానొక్క కొడుకును నా చేతిలో పెట్టి, వీణ్ణి మనిషిని చెయ్యి నాయనా అంది. వాడిది ఎడమచేతి వాటం. పనితనంలో ఆ పంతొమ్మిది మందిలో మొదటివాడు.

ఇనుమును ఆకురాయితో అరగదీసి సమతలం తేవడం చూసేవాళ్ళకు మొరటుపనిగా కనిపిస్తుంది గానీ, శరీరమంతా ఒక్క కొలతకు లోబడితే తప్ప అది రాదు. ఆకురాయి ముందుకు పోయేటప్పుడు దాని పిడి పైకీ కిందికీ ఊగిందా, తలం అంచుల్లో కుంగి నడుమ ఉబ్బుతుంది. కొత్తగా నేర్చుకునే ప్రతివాడూ చేసే తప్పే అది. ఆ తప్పు కనబడినప్పుడల్లా నేను షెడ్డంతా వినబడేలా, ముగ్గు పెడ్తాండావా, ఆకురాయి పడ్తాండావా అని అరిచేవాణ్ణి. మరీ కోపం వస్తే, ఈ పని నీకెందుకు, పోయి గాజులు తొడుక్కో అనేవాణ్ణి. పిల్లలు విరగబడి నవ్వేవారు. తిట్టు తిన్నవాడు ఎర్రబడిన ముఖంతో ఇంకా గట్టిగా రుద్దేవాడు. నాకు పని నేర్పిన గురువు నన్నూ ఇలాగే తిట్టేవాడు. ఆయన దగ్గర విద్యతో పాటు ఆ మాటలనూ తెచ్చుకున్నాను, రెండూ విడదీయరానివే అనుకుని.

పక్కనున్న లేత్ యంత్రాల విభాగంలో నంది అనే ఊరి వైపు నుంచి వచ్చిన పెద్ద మేష్ట్రు ఉండేవారు. పదవీ విరమణకు దగ్గరపడినవారు. ఆయన పదహారేళ్ళ పిల్లవాణ్ణి కూడా 'అప్పా' అని తప్ప పిలిచేవారు కాదు. మా సీమలో పెద్దలను అలా పిలవడం అందరూ చేసేదే. కానీ ఆయన పొద్దున షెడ్డులోకి వస్తూనే, ఏమప్పా బాగుండావా, చేతికి నూనె అంటుకుండాదే, తుడుచుకోప్పా అని ఒక్కొక్కణ్ణీ పలకరిస్తూ పోతుంటే నాకు అది చేతగానితనంలా తోచేది. నేను పిల్లలను వైసు అంకెలతో పిలిచేవాణ్ణి. ఏడూ, ఇట్ల రా. పదమూడూ, అది యాడ పెట్టినావు. కచ్చితంగా ఉందని అనుకునేవాణ్ణి.

రెండో సంవత్సరం ఖాళీగా ఉన్న ఇరవయ్యో వైసు దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. పాతపాళ్యలో పంపుసెట్ల మోటార్లు బాగుచేసే మెకానిక్కు కూతురు. పదేళ్ళ వయసు నుంచే తండ్రి పక్కన కూర్చుని రాగితీగ చుట్టిన చేతులు కావడంతో, మగపిల్లలకు నెలలు పట్టిన పని ఆమెకు వారాల్లో పట్టుబడింది. యంత్రాల దగ్గర ఉంగరాలూ, గాజులూ ఉండకూడదన్నది షెడ్డు నియమం గనుక మొదటిరోజే ఆమె చేత గాజులు తీయించాను. వాటిని ఒక రేకుడబ్బాలో పెట్టుకునేది, సాయంత్రం మళ్ళీ వేసుకుని బస్సెక్కేది. ఇప్పుడు తలచుకుంటే నాకే విడ్డూరంగా ఉంటుంది: గాజులు తీసేసిన చేతులతో ఆమె అందరికంటే నున్నగా పని చేస్తుంటే, గాజులు తొడుక్కోండని నేను మగపిల్లల మీద అరుస్తూనే ఉన్నాను. ఆ మాట అన్నప్పుడల్లా ఆమె తల మరికాస్త కిందికి వంగేదన్నది నేను చూడకపోలేదు. చూసి, పనిలో మునిగి ఉందనుకున్నాను.

పిల్లలు ఆమెకు 'గాజులు' అని పేరు పెట్టారు. ఏయ్ గాజులూ, ఆ మూలమట్టం ఇట్ల తోయి. గాజులూ, నీళ్ళు పట్టుకొస్తావా. ఒకరోజు ఆమె వైసు పిడికి గ్రీజు పూశారు. ఒకరోజు ఆ రేకుడబ్బా కనబడలేదు, మరునాడు దూలం మీద దొరికింది. నేను ఇవన్నీ వయసు చేష్టలని ఊరకున్నాను. హాజరుపట్టీలో ఆమె పేరు ఉంది, నేనే నా చేత్తో రాశాను, కానీ నా నోట అది ఒక్కనాడూ రాలేదు. నాకు ఆమె 'ఇరవై'.

ప్రతి ఏడాదీ చివర్లో చిక్కబళ్ళాపురం దారిలో ఉన్న ఒక కారఖానా మా దగ్గరినుంచి ఒక్కరిని అప్రెంటిసుగా తీసుకునేది. అందుకు పరీక్షగా ఒక పని చేసి చూపించాలి: ఇనుప పలకలో నలభై మిల్లీమీటర్ల చదరపు గడి కోసి, అందులో ఏ వైపు తిప్పి పెట్టినా సరిగా ఇమిడే దిమ్మను ఆకురాయితోనే తయారు చేయాలి. గడికీ దిమ్మకూ మధ్య సందు మిల్లీమీటరులో ఎనిమిది నూరవ వంతులు మించకూడదు. ఆ యేడు పోటీ ఇద్దరి మధ్యే అని షెడ్డులో అందరికీ తెలుసు. ఒకరు నా మేనల్లుడు, మరొకరు ఆ అమ్మాయి. కారఖానావాళ్ళు రావడానికి నాలుగు రోజుల ముందటి సాయంత్రం ఇద్దరి పనులూ కొలిచి నా పుస్తకంలో రాసుకున్నాను. ఆమె దిమ్మ రెండు వైపులా ముప్ఫైతొమ్మిది పాయింటు తొమ్మిది ఎనిమిది. వాడిదాని కంటే మెరుగు.

మరునాటి మధ్యాహ్నం భోజనాల తరువాత ఆమె తన పీసు, ఆ పలకా దిమ్మా, పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. దిమ్మను గడిలో పెట్టి కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే ఒక అంచున వెలుతురు సన్నని గీతలా కనబడింది. మైక్రోమీటరుతో కొలిచాను. ఒక వైపు ముప్ఫైతొమ్మిది పాయింటు ఎనిమిది. పద్దెనిమిది నూరవ వంతులు పోయాయి. రెండు మూడు తలవెంట్రుకల మందం, అంతే. కానీ ఇనుములో పోయినది మళ్ళీ రాదు.

"నేనే ఎక్కువ అరగదీసినానేమో సార్," అంది.

భూతద్దం తీశాను. ఆమె నున్నటి ఆకురాయి వాడుతుంది. ఈ తలం మీద గరుకు ఆకురాయి గాట్లు నాలుగైదు ఉన్నాయి. కుడిచేతి వాటం వాళ్ళు ఆకురాయిని ముందుకు తోస్తూ కొంచెం కుడికి జరుపుతారు, గాట్లు అటు వాలుతాయి. ఇవి ఎడమకు వాలి ఉన్నాయి. మా షెడ్డులో ఎడమచేతి వాటం వాడు ఒక్కడే.

తలెత్తి చూసేసరికి ఆమెకు కూడా తెలుసని అర్థమైంది. ఎవరన్నది నేను అడగకముందే, గొంతు తగ్గించి, రచ్చ చెయ్యొద్దు సార్, ఊళ్ళో తెలిస్తే మా నాయన నన్ను రేపట్నించి పంపడు అంది. సీటు పోవడం కాదు, చేతికి అందిన విద్యే పోతుందన్నది ఆమె భయం.

దాచకుండా చెప్పాలంటే, ఆ క్షణంలో నా మనసులో మొదట మెదిలినది న్యాయం కాదు. పెంచిన అక్క ముఖం. ఆ అమ్మాయి తనంతట తానే తప్పు నాది అంటోంది. నేను ఊఁ అంటే చాలు, సీటు మా వాడిది. భూతద్దాన్ని పెట్టెలో పెట్టి మూత వేసేంతసేపు ఆ ఆలోచన నాలో ఉంది. అంతసేపు ఉన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మేనల్లుణ్ణి షెడ్డు వెనక్కి పిలిచి అడిగాను. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు. గోడవైపు చూస్తూ, చెప్పులోని కాలి బొటనవేలితో మట్టి గీకుతూ అన్నాడు:

"మీరే కదా మామా దినమూ అనేది, చేతగానోడు గాజులు తొడుక్కోవల్లని. ఇప్పుడు ఆ గాజులామే నాకన్నా ముందర పోతే, ఊళ్ళో నేను తల ఎట్ల ఎత్తుకోని తిరిగేది?"

చెయ్యి ఎత్తాను. కానీ ఎవర్ని కొట్టాలి? వాడి నోట వచ్చినది నా మాటే, నా గొంతుతోనే. నేను వాడికి సమతలం నేర్పుతున్నాననుకున్న దాదాపు రెండేళ్ళ కాలంలో వాడు నా దగ్గర ఇది కూడా, ఇంతే శ్రద్ధగా, నేర్చుకున్నాడు.

పెద్ద మేష్ట్రు దగ్గరికి వెళ్ళాను. ఆయన లేత్ ఆపి, చేతులు తుడుచుకుని, నేను చెప్పినదంతా విన్నారు. వాణ్ణి తరబేతి నుంచి పంపించేస్తానన్నాను.

"పీసు కొలిచినావు, మంచిదే. నీ నోరు ఎప్పుడన్నా కొలిచినావాప్పా?" అన్నారు. చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టి, "వాణ్ణి పంపిస్తావు. ఇంకా పద్దెనిమిది మంది ఉండారే, వాళ్ళ చెవుల్లో పడిందాన్ని యాడికి పంపిస్తావు? మర్యాద మనం ఇయ్యకుంటే ఆ పిల్లోళ్ళు దాన్ని యాడ చూసి నేర్చుకుంటారప్పా?" అని, మళ్ళీ లేత్ వైపు తిరిగారు. వాడి చేత క్షమాపణ చెప్పించనా అని అడిగితే, చెప్పించేది తుప్పు మీద రంగేసినట్లు, నీది నువ్వు చెప్పుకో పో అన్నారు. అంతకు మించి ఉపదేశం చేయలేదు.

మరునాడు హాజరు తీసుకునే వేళ ఇరవై మంది ఎదుట నిలబడి, గాజుల మాటా, ముగ్గు మాటా నావి, వాటిని నేనే ఈ షెడ్డులోకి తెచ్చాను, అవి తప్పు, ఇకమీద అనను అని చెప్పాను. పిల్లలు ఎక్కడ చూడాలో తెలియక వైసుల వంక చూశారు. ఒకడు నవ్వబోయి ఆగిపోయాడు. తరువాత హాజరు పేర్లతో పిలిచాను, ఒక్కొక్కరినీ అప్పా అని, ఆ అమ్మాయిని అమ్మా అని. ఆమె పేరు వచ్చినప్పుడు ఒక్కొక్క అక్షరమూ నిదానంగా పలికాను. ఆమె తలెత్తి, హాజర్ సార్ అంది, స్పష్టంగా. ఆ పేరు ఇక్కడ రాయను. ఆమెను అడగకుండా రాయడం సబబు కాదు.

దిమ్మ పోయినా పలక మిగిలింది గనుక కొత్త దిమ్మ ఒక్కటి చేస్తే చాలు. కానీ ఇనుపకడ్డీ నుంచి ముక్క కోసి, నాలుగు తలాలు తీసి, ఎటు తిప్పినా పట్టేలా సవరించడానికి ఉన్నది రెండున్నర రోజులు. ఆమె రంపం బిగిస్తుండగా మా వాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. నేనేమీ చెప్పి పంపలేదు. కడ్డీ నేను కోసిస్తా అని చెయ్యి చాపాడు.

"నా కడ్డీ ముట్టుకోవద్దు. నేను కోసుకుంటా. నువ్వు రోంత పక్కకు జరుగు, వెలుతురు రానీ."

"ఇంగ నన్నేం చెయ్యమంటావు?"

"నాకొక పేరుండాది. దాంతో పిలువు, చాలు."

వాడు నోరు తెరిచాడు, మూశాడు. మిగతావాళ్ళు పని ఆపి చూస్తున్నారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి; తన వైసు దగ్గరికి వెళ్ళిపోయాడు. పేరు అనడం కష్టమా అని నవ్వకండి. పది నెలలు ఒక మనిషిని ఎగతాళి పేరుతో పిలిచినవాడు అసలు పేరు పలకాలంటే, ఆ పది నెలలూ తప్పేనని నలుగురి ముందు ఒప్పుకోవాలి. అది ఎంత కష్టమో హాజరువేళ నేను చూశాను.

ఆ రెండున్నర రోజులు వాడు తన పీసును మళ్ళీ తాకలేదు. ఆమె బల్ల కింద పడిన ఇనుప రజను ఊడ్చేవాడు, ఆమె అటు వెళ్ళినప్పుడు మాత్రమే. నీళ్ళకుండ నింపి ఆమె వైపు పెట్టేవాడు. అడగాలని వచ్చి, అడగకుండా వెళ్ళేవాడు. తొందరపెట్టాలని నా నాలుక ఎన్నిసార్లు ఎగిరిందో. పెద్ద మేష్ట్రు పక్క విభాగం నుంచి ప్రతిసారీ నా వంక చూసి తల అడ్డంగా ఊపేవారు. ఆమె మాత్రం ఎవరివంకా చూడలేదు. మూడోరోజు మధ్యాహ్నానికి దిమ్మ ముగించింది. సందు ఏడు నూరవ వంతులు. మునుపటి దానంత గొప్పగా లేదు, పరీక్షకు సరిపోతుంది.

ఆ సాయంత్రం కారఖానా నుంచి వచ్చిన పెద్దాయన పీసులన్నీ బల్ల మీద వరసగా పెట్టించి చూశాడు. మా వాడిది ఆరు నూరవ వంతులు; కొలత ప్రకారం సీటు వాడిది. ఆయన ఆమె దిమ్మను చేతిలో తిప్పుతూ, పలక వారం కిందటిదిలా ఉంది, దిమ్మ నిన్న కోసినట్టుంది, ఎందుకని అడిగాడు. నేను చెప్పడానికి సిద్ధపడే ఉన్నాను. నా పుస్తకం తెరిచి పట్టుకున్నాను. గొంతు సవరించుకుంటుండగా వరసలోంచి మా వాడు ఒక అడుగు ముందుకు వచ్చాడు.

"మొదటి దిమ్మ నేను చెడిపినా సార్. అది నాదానికన్నా బాగుండింది. ఆ గాజు..." అని ఆగాడు. ఆమె వైపు తిరిగి, ఆమె పేరు చెప్పి, చివర 'అమ్మా' అని కూడా చేర్చి, "తప్పయింది," అన్నాడు.

షెడ్డులో పంతొమ్మిది మంది ఉండీ ఒక్క నవ్వు కూడా వినబడలేదు.

సీటు ఆమెకు వచ్చింది. పుస్తకంలోని నా మొదటి కొలతనూ, వాడి మాటనూ ఆ పెద్దాయన సాక్ష్యంగా తీసుకున్నాడు. ఇంట్లో ఆమె ఏమి చెప్పుకుందో నాకు తెలియదు. మరుసటి సోమవారం ఆమె తండ్రే స్వయంగా కారఖానాకు తోడు వెళ్ళాడని విన్నాను. తరువాతి కాలంలో అక్కడ కొలతలు సరిచూసే పరీక్షావిభాగం దాకా ఎదిగిందట. మా అక్క, సొంత అక్క కొడుకు నోటికాడి కూడు తీసినావని, ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. ఆ పండగలకు నాకు బట్లహళ్ళి నుంచి పిలుపు రాలేదు. చివరికి మాట్లాడినది మా వాడి వల్లే. తన సీటు తన చేతులతోనే పోగొట్టుకున్నానని, మామను అనొద్దని తల్లితో వాడే చెప్పాడట. ఇప్పుడు వాడూ పంపుసెట్లు బాగుచేస్తూ, ఇద్దరు ముగ్గురికి పని నేర్పుతూ ఊళ్ళోనే ఉన్నాడు. తన దగ్గర నేర్చుకునేవాళ్ళను ఎలా పిలుస్తాడో నేను వెళ్ళి విన్నాను. ఆ సంగతి వాడికి తెలియదు.

పెద్ద మేష్ట్రుకు నేను కృతజ్ఞత చెప్పుకోలేదు. పదవీ విరమణ రోజున దండ వేశాను, ఫోటో తీయించుకున్నాము, అసలు మాట మాత్రం రేపు చెప్పవచ్చనుకున్నాను. ఆయన నంది వెళ్ళిపోయారు, ఆ తరువాత కాలం కూడా చేశారు. ఆ అమ్మాయికి కూడా నేను విడిగా చెప్పవలసిన క్షమాపణ ఒకటి ఉండిపోయింది. మా వాడికైతే నా ముసలితనం దాకా చెబుతూనే ఉన్నాను, వాడికి విసుగొచ్చేంతగా.

ఆ శిక్షణకేంద్రం ఇప్పుడు పక్కా భవనం. ఆకురాయి పని వారం రోజుల్లో ముగించి పిల్లలను కంప్యూటరుతో నడిచే యంత్రాల ముందు కూర్చోబెడుతున్నారు. సగానికి దగ్గరగా ఆడపిల్లలు. ఎవరైనా హేళన చేస్తే ఫిర్యాదు పెట్టెలు ఉన్నాయి, వినడానికి ఒక కమిటీ ఉంది. ఆనాడు ఆ అమ్మాయికి ఇవేవీ లేవు, తప్పు తనమీద వేసుకోవడం తప్ప వేరే దారి లేదు. ఈ మార్పుకు మనసారా సంతోషిస్తాను. కానీ బోధకుడూ పిల్లలూ ఒకే షెడ్డులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కలిసి నిలబడే రోజులు పోయాయి. గంట కొట్టగానే ఒకరు వెళతారు, మరొకరు వస్తారు. తప్పు చేసిన పదిహేడేళ్ళ పిల్లవాడికి ఒక మనిషి పేరును మర్యాదగా పలకడానికి రెండున్నర రోజులు పట్టింది. అంతసేపూ తిట్టకుండా, తొందరపెట్టకుండా, వాడి పక్కనే పని చేసుకుంటూ ఉండే తీరిక ఇప్పటి మేష్ట్రులకు ఎవరిస్తారో.